టీకాల సారు ఒక్కపొద్దు

ఆరోగ్యశాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కూర్చోగానే ఒకటే ప్రశ్న: "సార్, ఆ రోజుల్లో ఊళ్లలో మూఢనమ్మకాలను ఎట్లా ఎదుర్కొన్నారు?" మేకను బలివ్వబోతున్న కత్తికి నేను అడ్డంపడ్డ కథ ఏదో చెప్తానని వాళ్ల ఆశ. అలాంటివీ ఉన్నాయి. కానీ నేను ఎదుర్కొన్నవాటిలో అన్నిటికన్నా మొండి మూఢనమ్మకం ఏ పల్లెలోనూ లేదు. నా చొక్కా లోపల ఉంది! నాలుగేళ్లు అది నాతోపాటే రైలెక్కింది, నాతోపాటే టీకాల సంచి మోసింది. హేతువాదినని ఊరంతా చెప్పుకుంటూనే దాన్ని కడుపులో పెట్టుకుని సాకాను. దాన్ని జుట్టు పట్టుకుని బయటికి లాగింది అక్షరం ముక్క రాని, గొర్రెలు కాచుకునే ఒక కురుమ ఇల్లాలు.

ఆ కథ రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, బదిలీల సంగతి రాయను. అవి నాకే విసుగు.

గెలిచిన వాదం

పోలీసు చర్య జరిగిన మరుసటేడు వికారాబాదులో మశూచి టీకాలు వేసే ఉద్యోగంలో చేరాను. ఇరవై రెండేళ్లు. పగలు టీకాలు, సాయంత్రం గ్రంథాలయంలో వాదసభలు. జాతకాలు నిజమా, వితంతువు మళ్లీ పెళ్లాడవచ్చా, దయ్యాలున్నాయా, విషయం ఏదైనా సరే, నేను లేస్తే ఎదుటివాడు కూర్చోవలసిందే. అన్నం లేకపోయినా ఉండేవాణ్ణి, వాదం లేకుండా ఉండలేకపోయేవాణ్ణి.

మా పని ఎలా ఉండేదో చెప్పాలి, ఎందుకంటే మీరు చూడలేదు. మందు సన్నటి గాజు గొట్టాల్లో వచ్చేది. గొట్టం విరిచి, చేతి మీద చుక్క పెట్టి, పళ్లున్న చిన్న చక్రం లాంటి సూదిని దాని మీద ఒత్తి తిప్పాలి. వేసిన రోజును లెక్కపెట్టకుండా ఏడో రోజు మళ్లీ వెళ్లి చూడాలి. పొక్కు లేస్తే టీకా పట్టినట్టు. లేవకపోతే పట్టనట్టు, మళ్లీ వేయాలి. అందుకే వేయడం సగం పని, వెళ్లి చూడడం మిగతా సగం. ఆ మందుకు ఒకడే శత్రువు: ఎండ. గొట్టాలకు తడిగుడ్డ చుట్టి, చిన్న మట్టికుండలో పెట్టి, కుండను సంచిలో మోసేవాళ్లం. వేడి తగిలితే మందు చచ్చిపోతుంది. చూడ్డానికి మాత్రం బతికున్నట్టే ఉంటుంది.

రెండో ఏడు చైత్రమాసంలో దోమ అనే ఊరి దగ్గర ఒక కురుమల పల్లెకు పోయాను. పెద్దమనిషి బీరయ్య. ఆయన వాకిట్లో నాపరాతి బండ ఒకటి ఉంటే సంచి దాని మీద పెట్టాను.

"అద్దు సారు," అన్నాడు బీరయ్య. "టీకాలు పొడిపిస్తే తల్లికి కోపమొస్తది."

"తల్లయితే బిడ్డల మీద ఎందుకు పోస్తది తాతా?"

"సర్కారుకు పన్ను కట్టకపోతే జప్తు చేస్తలేదా? తల్లి గూడ గంతే."

జనం గొల్లున నవ్వారు. నాకు రోషం వచ్చింది. ఇంత మంచి వాది నాకు గ్రంథాలయంలో కూడా దొరకలేదు! చొక్కా చేతులు పైకి మడిచి నా టీకా మచ్చలు చూపించాను. మొక్కులు ఎందుకు దండగో చెప్పాను, ఒక్కపొద్దులు ఎందుకు దండగో చెప్పాను. ఆయన ఒకటంటే నేను పది. రెండు గంటలు! చివరికి బీరయ్య తలపాగా సర్దుకుని, "మల్లీ, పిల్లను తోలుకరా. గీయన నోరు మూతవడేటట్టు లేదు," అని కోడలిని పిలిచాడు.

గెలిచాను! అత్త వద్దు వద్దంటున్నా మల్లమ్మ ఐదేళ్ల కూతురిని చేయి పట్టుకుని అందరికంటే ముందు తెచ్చింది. పిల్ల పేరు లచ్చి. ఏడవలేదు. చేయి చాపి, "నాకు గూడ నీ అసొంటి మచ్చ పెట్టు," అంది.

సంచి విప్పాను. తడిగుడ్డ అప్పడం లాగా ఎండిపోయి ఉంది. గొట్టం వేలికి వెచ్చగా తగిలింది.

ఇక్కడ ఆగి చదవండి. వెచ్చగా తగిలింది. నాకు తెలిసింది. కానీ ఎదురుగా పల్లె పల్లెంతా చేతులు చాపి నిలబడి ఉంది. ఇప్పుడు "మందు చెడింది, రేపు వస్తాను" అంటే గెలిచిన వాదం చేజారిపోతుంది. అందరికీ వేశాను. ఏడో రోజు వెళ్లి చూస్తే బయటపడేదే. ఏడో రోజు తాండూరులో వాదసభ ఉండింది. అంశం మూఢనమ్మకాలు! అక్కడికి పోయాను. అక్కడా గెలిచాను.

నెల తిరక్కముందే ఆ పల్లెలో తల్లి పోసింది, అంటే మశూచి వచ్చింది. లచ్చి చనిపోయింది.

డాక్టరు సాబు అడిగిన ప్రశ్న

మా పైఅధికారి హైదరాబాదు నుంచి వచ్చిన ముసలి డాక్టరు. అందరూ డాక్టరు సాబు అనేవాళ్లం. నేను వెళ్లి జరిగిందంతా చెప్పాను. నన్ను బర్తరఫ్ చేయమని కూడా చెప్పాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సంచి ఎక్కడ పెట్టినవ్?"

"ఎండకు, బండ మీద."

"ఇగ మీద ఎక్కడ పెడ్తవ్?"

"నీడకు సాబ్. కానీ నేను..."

"నీ సంగతి అడగలేదు మియా. కుండ సంగతి అడిగిన. రేపు పొద్దున ఆ ఊరికి పో, మిగిలిన పిల్లలకు మంచి మందు వెయ్. వాళ్లకు నిజం చెప్పు. తర్వాత ఇంటికి పోయి పడుకో."

వెళ్లాను, మంచి మందు వేశాను. నిజం మాత్రం చెప్పలేదు. మల్లమ్మ గుడిసె తలుపు దగ్గర మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది. సంచి భుజాన వేసుకుని పక్కదారిన వచ్చేశాను. రెండు గంటలు ఆగకుండా వాదించిన నోరు నాదే!

డాక్టరు సాబు కఠినుడని, మనసు లేనివాడని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు చెప్తున్నాను, నాకు దొరికిన అధికారుల్లో తప్పును తప్పుగా చూసినవాడు ఆయన ఒక్కడే. మిగిలినవాళ్లు తప్పు కనబడితే మనిషిని చూసేవాళ్లు. నేను కూడా అంతే చేశాను, నా విషయంలో.

చెప్పులు, అన్నం

ఆ తర్వాత నాకు నేనే రెండు నియమాలు పెట్టుకున్నాను. టీకాలు వేసే రోజు చెప్పులు తొడగకూడదు. పని అయ్యేదాకా అన్నం ముట్టకూడదు. దీనికి క్రమశిక్షణ అని పేరు పెట్టాను. నోటుపుస్తకంలో మొదటి పేజీలో రాసుకున్నాను కూడా. వేరే ఎవరినీ సాయం అడగకూడదన్నది రాయని మూడో నియమం.

ఇక నాతో నేను మాట్లాడుకునే భాష సంగతి! సూది జారితే గాడిదా అనుకునేవాణ్ణి. రైలు తప్పితే, ఒక పిల్లవాణ్ణి చంపినవాడికి రైలెందుకు అనుకునేవాణ్ణి. పిల్లవాడు కాదు, పిల్ల. కోపంలో అది కూడా సరిగ్గా అనేవాణ్ణి కాదు. ఏ గొర్రెలకాపరీ తన గొర్రెతో అలా మాట్లాడగా నేను వినలేదు.

తాండూరులో నాలాంటి ఉద్యోగమే చేసే బాలయ్య నాకంటే పదేళ్లు పెద్ద. కుల్కచర్ల వైపు ఇద్దరం కలిసి తిరిగేవాళ్లం. పదకొండు కొట్టగానే ఆయన వేపచెట్టు కింద సద్దిమూట విప్పేవాడు. తిని, తువ్వాల పరుచుకుని ఓ కునుకు తీసేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

"ప్రజల పైసలతోని నిద్రపోతున్నవన్నా!"

"నిద్ర పోతలేను తమ్మీ, చెయ్యి ఆరబెడుతున్న," అనేవాడు కళ్లు తెరవకుండానే. "కడుపు సల్లగుంటే చెయ్యి సల్లగుంటది. నువ్వు గూడ రెండు బుక్కలు తిను. నీ తర్కం గూడ జర రుచిగొస్తది."

ఏడో రోజు చూడబోతే బాలయ్య వేసిన చేతుల మీద పొక్కులు ఒకదానిలాగా ఒకటి గుండ్రంగా లేచేవి. నావి కొన్ని లేచేవి, కొన్ని లేవకపోయేవి, కొన్ని పుండు పడేవి. కళ్ల ముందు సాక్ష్యం! ఏ వాదసభలోనైనా ఇంత సాక్ష్యం దొరికితే ఎగిరి గంతేసేవాణ్ణి. ఇక్కడ మాత్రం, పుండు పడిందంటే నేను ఇంకా కఠినంగా ఉండాలని అర్థం చేసుకున్నాను. మొక్కు ఫలించలేదు కాబట్టి ఇంకో మేకను కోయాలనే మనిషికీ నాకూ ఏమిటి తేడా? ఏమీ లేదు! కానీ అది తట్టడానికి నాలుగేళ్లు పట్టింది.

కందిచేలో మంద

లచ్చి పోయిన నాలుగో ఏడు కంది కోతలు అయ్యాక తాండూరు రాతి గనుల దగ్గర, కూలీల గుడిసెల్లో మశూచి పడింది. ఆ పక్కనే కోసిన కందిచేలలో ఎరువు కోసం గొర్రెల మందలు పెట్టించారు. ఆ మందల వాళ్లు మర్నాడు కన్నడ సీమ వైపు సాగిపోతున్నారు. పిల్లలకు టీకా లేకుండా పోతే దారిపొడుగునా రోగాన్ని పంచుకుంటూ పోతారు. డాక్టరు సాబు నన్ను పొద్దుటి రైలుకు పంపాడు. కుండలో ఐదు గొట్టాలు, అక్కడ యాభై మంది దాకా పిల్లలు. ఒక్కో గొట్టం పది మందికి వస్తుంది. ఒక్కటి వృథా అయినా కుదరదు.

స్టేషను నుంచి ఉత్త కాళ్లతో నడిచాను. దారంతా రాతి పెచ్చులు. మడమ తెగింది. తెగనీ అనుకున్నాను.

మంద దగ్గరికి చేరేసరికి తలపాగా సర్దుకుంటూ ఎదురొచ్చింది బీరయ్య! వెనకాల మల్లమ్మ, చంకలో ఏడాదిన్నర కొడుకు. నన్ను గుర్తుపట్టింది. పిల్లవాణ్ణి గట్టిగా పట్టుకుని వెనక నిలబడింది.

ఈసారి ఎవరూ వాదించలేదు. కుండను నీడకు పెట్టి మొదలుపెట్టాను. పదో పిల్లవాడి దగ్గర నా చేయి వణికింది. సూది లోతుగా దిగింది. పిల్లవాడు కేకేశాడు, నెత్తురు కారింది. నెత్తురు తుడిచి, కొత్త గొట్టం కోసం కుండ దగ్గరికి లేచాను. కందిచేను గిర్రున తిరిగింది. కుండ మీదనే పడ్డాను.

లేచి చూస్తే మిగిలిన నాలుగు గొట్టాల్లో మూడు పిండి. ఒక్కటి మిగిలింది.

బీరయ్య నన్ను రెక్క పట్టి నీడకు కూర్చోబెట్టాడు. మల్లమ్మ పిల్లవాణ్ణి మామకిచ్చి, జొన్నరొట్టె మీద ఎర్రకారం పెట్టి తెచ్చింది.

"పొద్దుగాల ఏం తిన్నవ్ సారు?"

"ఏం తినలేదక్కా. పనైనంక తింట."

"గదేంది? కాళ్లకు చెప్పులేవి?"

"తొడుగను."

బీరయ్య నవ్వాడు. "కుంటి గొర్రెను కొడితే మంద ముంగటికి పోతదా సారు? ఒక్కపొద్దులు దండగని మా వాకిట్ల నిలవడి గొంతు చింపుకున్నది నువ్వే గద! మరి నీదేం ఒక్కపొద్దు?"

మల్లమ్మ నవ్వలేదు. నా తెగిన మడమ వైపు చూసింది, రొట్టె వైపు చూసింది. "ఎవరి పేరు మీదున్నవ్?" అంది.

అబద్ధం చెప్పడానికి వీలున్న ప్రశ్నే. నోరు దానంతట అదే చెప్పింది: "లచ్చి పేరు మీద."

ఆ తర్వాత ఆగలేదు. ఆనాడు మందు ఎండకు చచ్చిపోయిందని, వేలికి వెచ్చగా తగిలినా వేశానని, ఏడో రోజు రాలేదని, అంతా చెప్పాను. లేచి నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

ఆమె నా ఎదురుగా మట్టిలో కూలబడింది. "మళ్ల చెప్పు."

మళ్లీ చెప్పాను.

"అయితే తల్లి కోపం కాదా?"

"కాదక్కా. నా తప్పు."

"మా అత్త అద్దంటే నేనే దాని చెయ్యి వట్టి నీ ముంగట పెట్టిన. గందుకే తల్లి తీస్కపోయిందని అందరన్నరు. నాలుగేండ్ల సంది మంగళారం మంగళారం నోట్ల మెతుకు పెడ్తలేను నేను." ఆమె గొంతు ఒక్కసారిగా లేచింది. "నాలుగేండ్లు! నువ్వు నీ కడుపు మాడ్సుకుంటివి, కాళ్లు కోసుకుంటివి. నా చెవుల ఒక్క మాటేస్తే ఏం బోయె నీది? నువ్వు తినకుంటే నా బిడ్డకేమన్న ముట్టిందా? నాకేమన్న ముట్టిందా?"

నా జీవితంలో మొదటిసారి నిండుసభలో ఓడిపోయాను, ఆ సభలో సగం మంది గొర్రెలు! ఎంత సూటి తర్కం! నా ఉపవాసం ఎవరి ఆకలీ తీర్చలేదు. ఎవరికి ఏమి బాకీ పడ్డానో వాళ్లకు చెప్పకుండా, తీరుస్తున్నానని నాకు నేను చెప్పుకోవడానికి మాత్రం పనికొచ్చింది. నేను చెప్పాల్సిన ఒక్క వాక్యం ఈమెను నాలుగేళ్ల కిందటే విడిపించేది.

"తిను," అంది ఆమె, కొంగుతో ముఖం తుడుచుకుని. "ఈ పోరని చెయ్యి వణికే చేతుల పెట్ట నేను. ముందుగాల తిను."

తిన్నాను. రెండు రొట్టెలు తిన్నాను! కారానికి కళ్లవెంట నీళ్లు వచ్చాయి, కారానికి మాత్రమే కాదు. నీళ్లు తాగి చేయి చాపి చూసుకున్నాను. వణుకు లేదు. ఎంత సంతోషం పుట్టుకొచ్చిందో చెప్పలేను. ఆకలైనవాడి చేయి వణుకుతుంది, తిన్నవాడి చేయి నిలుస్తుంది. ఇది దయ కాదు, వేదాంతం కాదు, శరీరశాస్త్రం! బాలయ్య చెట్టు కింద పడుకుని రోజూ నిరూపిస్తున్న శాస్త్రం!

మూడో నియమం కూడా అక్కడే తెంపేశాను. చీటీ రాసి మల్లమ్మ పెనిమిటితో తాండూరు పంపాను: "బాలయ్యన్నా, నేను పడి గొట్టాలు పగిలినయి. నీ దగ్గర ఉన్నవి పట్టుకుని రా. సాయం కావాలె."

గంటన్నరలో సైకిలు గంట వినిపించింది. బాలయ్య దిగుతూనే అరిచాడు: "నన్ను పిల్సినవా? తర్కం తమ్మి నన్ను పిల్సిండా? కలలున్ననా ఏంది!" మూతికి అంటిన ఎర్రకారం చూసి, "అబ్బో, తిన్నడు గూడ!" అని నా వీపు మీద ఒకటి చరిచాడు. తర్వాత తన కుండలో వేలు పెట్టి చూసుకుని, "సల్లగున్నది. కానియ్," అన్నాడు.

ముందు మల్లమ్మ కొడుకుకు వేశాను. ఆమె నా వేళ్ల వైపే చూస్తూ నిలబడింది. పొద్దు వాలకముందే అందరికీ అయిపోయింది. ఆమె మాత్రం ఏమీ తినలేదు. ఆ రోజు మంగళవారం. తినమని వాదించడానికి నోరు తెరిచాను, మూసుకున్నాను. నాలుగేళ్లు పట్టుకున్నది ఒక పూటలో వదలమనడానికి నేనెవరిని?

కొత్తగా చేరిన మీకు

ఈ ఉద్యోగంలో మీరు తప్పు చేస్తారు. చేయనన్నవాడు ఏడో రోజు చూడబోనివాడే. తప్పు చేసిన రోజు ముందు కుండ సంగతి చూడండి: ఎక్కడ పెట్టారు, ఇక మీద ఎక్కడ పెడతారు. తర్వాత ఎవరికి నష్టం జరిగిందో వాళ్ల ముఖం చూసి చెప్పండి. ఇది కష్టం. ఉపవాసం దీనికంటే ఎంతో సులువు, అందుకే మనం ఉపవాసాన్ని ఎంచుకుంటాం! ఆ తర్వాత అన్నం తినండి, చెప్పులు తొడుక్కోండి, నిద్రపోండి. రేపు మీ ముందు చేయి చాపే పిల్లకు మీ పశ్చాత్తాపంతో పనిలేదు. ఆ పిల్లకు కావలసింది నిలిచిన చేయి.

మనల్ని మనం దయగా చూసుకుంటే సోమరులమైపోతామని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. రమ్మనండి. బాలయ్య పొక్కులు సాక్ష్యం పెట్టి వాదిస్తాను.

ఏడో రోజు

ఏడో రోజు మంద ఎక్కడుందో అడుక్కుంటూ తాండూరు నుంచి పడమరకు నడిచాను. కొత్త చెప్పులు కరుస్తున్నాయి. దారిలో ఒక చోట కూర్చుని సద్ది తిన్నాను, నియమం లేకుండా, ఆకలేసింది కాబట్టి. కన్నడం మాట్లాడే ఒక రైతు చేలో మంద కనబడింది. మల్లమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"తిన్నవా?" అని అడిగింది.

"తినే వచ్చిన."

"అయితే సూడు." కొడుకు అంగీ చేయి పైకి లాగింది.

కందిగింజంత పొక్కు, గుండ్రంగా, నిండుగా! నాకు కేక పెట్టాలనిపించింది, పెట్టాను కూడా. గొర్రెలు బెదిరి పక్కకు జరిగాయి. పిల్లవాడు కిలకిలా నవ్వాడు. ఆమె కూడా నవ్వబోయి, నోరు నిండుగా ఉండడంతో చేయి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు చూశాను. ఆమె ఒళ్లో సగం కొరికిన జొన్నరొట్టె ఉంది.

ఆ రోజు కూడా మంగళవారమే.